వార్డుకు ఏ టెక్నాలజీ ముందు తీసుకోవాలి? నర్సుల వైపు నుంచి ఒక పోలిక

డెమోలో ఏ సాఫ్ట్‌వేరైనా ముద్దుగానే ఉంటుంది. పేరు కొట్టగానే పాత రిపోర్టులన్నీ వరసగా వచ్చేస్తాయి, గ్రాఫులు కదులుతాయి, చూపించే మనిషికి ఎక్కడ నొక్కాలో కంఠతా వచ్చు. అదే సాఫ్ట్‌వేర్ నైట్ డ్యూటీలో, చేతికి గ్లవ్ ఉండగా, పక్క బెడ్ నుంచి పిలుపు వస్తుండగా ఎలా నడుస్తుందో అక్కడ తెలీదు. కొనుగోలు కమిటీలో లెక్కల వాళ్లుంటారు, కంప్యూటర్ల వాళ్లుంటారు, డాక్టర్లుంటారు. రోజంతా దాంతో పనిచేయబోయే నర్సును మాత్రం ట్రైనింగ్ రోజున పిలుస్తారు. ఈసారి ముందే మిమ్మల్నీ అడిగారనుకుందాం. ఏది ముందు, ఏది ఆగొచ్చు, ఒకే పనికి రెండు మూడు దారులుంటే ఏది మేలు అన్న లెక్క తేల్చుకోడానికి ఇది రాస్తున్నాను.

నేను చూసేది ఒక్కటే. ప్రతి పరికరమూ ఏదో ఒక కబురు పుట్టిస్తుంది. అది అంకె కావచ్చు, అలారం కావచ్చు, మెసేజ్ కావచ్చు. ఆ కబురు ఎవరికి చేరుతుంది? అది చేరే వేళకు వాళ్లకు తీరిక ఉంటుందా? చూశాక ఏం చేసే అధికారం వాళ్లకుంది? ఈ మూడింటికీ మనిషిని చూపించి జవాబు చెప్పగలిగితే ఆ పరికరం పనికొస్తుంది. ‘సిస్టమ్ అలర్ట్ పంపుతుందండీ’ అన్న దగ్గర మాట ఆగిపోతే ఇప్పుడప్పుడే కొనకండి.

కాగితమా, కంప్యూటరా

కాగితం చార్టును తీసిపారేయకండి. మంచం దగ్గర వేలాడే ఒక్క షీటులో మూడు రోజుల జ్వరం, నాడి, బీపీ ఒకే చూపులో కనిపిస్తాయి. కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. దాని ఇబ్బందల్లా అది ఒకే చోట ఉండటం. రోగితో పాటు కేస్ షీట్ ఎక్స్‌రేకి వెళ్లిపోతే, ఫోన్‌లో డాక్టర్ అడిగినదానికి వార్డులో జవాబు దొరకదు. చేతిరాత సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ రికార్డు ఈ రెండు ఇబ్బందులనూ తీరుస్తుంది. ఎలర్జీ ఒకసారి ఎక్కిస్తే ఫార్మసీలోనూ కనిపిస్తుంది, ఆపరేషన్ థియేటర్‌లోనూ కనిపిస్తుంది.

ఈ రెండిటికన్నా అధ్వాన్నమైన పద్ధతి రెండూ కలిపి నడపడం. వైటల్స్, అంటే జ్వరం, నాడి, బీపీ లాంటి అంకెలు, కాగితం మీద రాసుకుని డ్యూటీ దిగే ముందు కంప్యూటర్‌లో ఎక్కించే వార్డులో, ఉదయం పదింటి బీపీ మధ్యాహ్నం రెండింటికి తెర మీదకొస్తుంది. ఈలోపు తెర చూసి మందు మార్చిన డాక్టర్ పాత అంకెను నమ్మినట్టే. నర్సుకేమో ఒకే పని రెండుసార్లు. అందుకని అన్నీ కొంచెం కొంచెంగా మార్చే ప్లాను ఒప్పుకోకండి. వైటల్స్ మారుస్తుంటే వైటల్స్ మొత్తం మారాలి, ఆ కాగితం షీటు వార్డులో కనపడకూడదు. నర్సింగ్ నోట్స్ తర్వాత చూసుకోవచ్చు.

నిన్నటి నోట్‌ను ఇవాళ్టికి కాపీ చేసే బటన్‌ను అమ్మేవాళ్లు గొప్పగా చూపిస్తారు. నాకు దానిమీద నమ్మకం లేదు. కాథెటర్ (మూత్రం కోసం పెట్టే గొట్టం) తీసేసి రెండు రోజులైనా ‘కాథెటర్ ఉంది, మూత్రం స్పష్టంగా వస్తోంది’ అన్న వాక్యం నోట్స్‌లో బతికే ఉంటుంది. ఆ బటన్‌ను ఆపేసే వీలుందో లేదో అడగండి.

రాసే చోటు గురించి క్లుప్తంగా చెబుతాను. నర్సింగ్ స్టేషన్‌లో మాత్రమే కంప్యూటర్ ఉంటే అంకెలు ముందు చిత్తు కాగితం మీదో గ్లవ్ మీదో పడతాయి. చక్రాల బండి మీది కంప్యూటర్ అడ్మిషన్ వివరాలకు బాగుంటుంది. తెర పెద్దది, రోగి వైపు తిప్పొచ్చు, ‘మీరు చెప్పింది ఇలా రాశాను, చూడండి’ అనొచ్చు. వైటల్స్‌కు, స్కానింగ్‌కు చేతిలో పట్టే పరికరం హాయి. కాకపోతే చూసేవాళ్లకు సిస్టర్ ఫోన్ చూసుకుంటున్నట్టే ఉంటుంది కాబట్టి, ‘మీ బీపీ ఇందులో ఎక్కిస్తున్నా’ అని ఒక మాట చెప్పడం అలవాటు చేసుకోవాలి. ఏది కొన్నా, రోగి గదిలో మొదటి నిమిషం కీబోర్డు ముట్టుకోకుండా మాట్లాడే వీలుండాలి. లాగిన్‌కే ఆ నిమిషం సరిపోతే రోగిని కేంద్రంగా పెట్టుకున్న వైద్యం అన్నది గోడమీది పోస్టర్‌కే పరిమితం.

మందుల దగ్గర: స్కానరా, ఇద్దరు నర్సుల చెకింగా

డబ్బు ఒక్కదానికే ఉంటే నా ఓటు మందుల బార్‌కోడ్ స్కానింగ్‌కే. అంటే మందు ఇచ్చే ముందు రోగి చేతిపట్టీనీ మందు ప్యాకెట్‌నూ స్కాన్ చేసి, రెండూ ఆర్డరుతో కలుస్తున్నాయో లేదో చూడటం. డాక్టర్ మోతాదు తప్పు రాస్తే ఫార్మసిస్టు పట్టుకోవచ్చు, లేదా నర్సు పట్టుకోవచ్చు. ఇచ్చే దగ్గర తప్పు జరిగితే దాన్ని ఆపడానికి రోగి తప్ప ఇంకెవరూ మిగలరు.

ఈ పద్ధతి పుట్టిందే ఒక నర్సు ఆలోచనతో. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన స్యూ కినిక్, అద్దె కారు తిరిగి అప్పగిస్తున్నప్పుడు అక్కడి ఉద్యోగి చేతి స్కానర్‌తో కారును నమోదు చేసుకోవడం చూశారు. కారుకు చేసేది మందుకు ఎందుకు చేయకూడదని అడిగారు. 1990ల్లో టోపీకా అనే ఊరి ఆసుపత్రిలో మొదలైన ఆ ప్రయత్నం తర్వాత అలాంటి ఆసుపత్రులన్నిటికీ పాకింది.

ఫలితం గురించి గట్టి లెక్కే ఉంది. బోస్టన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రిలో 14,041 సార్లు మందు ఇవ్వడాన్ని పక్కనే ఉండి గమనించిన అధ్యయనం 2010లో వచ్చింది. వేళ తప్పడం కాక మిగిలిన పొరపాట్లు స్కానింగ్ లేని చోట 11.5 శాతం, ఉన్నచోట 6.8 శాతం. రోగికి హాని చేయగల పొరపాట్లు దాదాపు సగానికి తగ్గాయి. అది కేవలం స్కానర్ మహిమ కాదు. డాక్టర్ ఆర్డరు నేరుగా నర్సు తెర మీదకు రావడంతో, ఒకచోట రాసింది ఇంకోచోట ఎక్కించే పనే పోయింది. కాబట్టి ఆర్డర్లతో కలవకుండా విడిగా పనిచేసే స్కానర్ చవగ్గా వస్తోందని తీసుకుంటే ఈ ఫలితం రాదు.

ఇంకో వైపు కూడా చూడాలి. అమెరికాలోనే అయిదు ఆసుపత్రుల్లో నర్సుల వెంట తిరిగి చూసిన పరిశోధకులు, స్కానింగ్‌ను తప్పించుకునే అడ్డదారులు 15 రకాలున్నాయని, వాటి వెనుక 31 కారణాలున్నాయని 2008లో రాశారు. రోగి చేతిపట్టీ బార్‌కోడ్‌కు ఇంకో కాపీ తీసి బండికో, తలుపు చట్రానికో అంటించి అక్కడే స్కాన్ చేసేయడం వాటిలో ఒకటి. ఇది సోమరితనం అనుకుంటే పొరపాటు. తెల్లవారుజామున ఆరింటి మందుల రౌండ్ ఊహించుకోండి. రోగి చెయ్యి ఒంటి కింద పెట్టుకుని గాఢ నిద్రలో ఉన్నాడు. పట్టీ స్నానంలో తడిసి ముడతలు పడింది. స్కానర్ మూడుసార్లు కూసింది కానీ చదవలేదు. బండి బ్యాటరీ ఎర్ర గీతలో ఉంది. ఇంకా పదకొండు మంది మిగిలారు. ఆ నర్సు ఏం చేస్తుందో ఎవరైనా చెప్పగలరు. తిట్టాల్సింది ఆమెను కాదు, ముడతపడని పట్టీ, నిద్ర లేపకుండా చదవగలిగే స్కానర్, రాత్రంతా ఆగే బ్యాటరీ ఇవ్వని కొనుగోలు నిర్ణయాన్ని.

అందుకే స్కానర్ కొనే ముందు మొదట వెళ్లాల్సింది ఫార్మసీకి. ప్రతి మాత్ర, ప్రతి ఇంజెక్షన్ విడి ప్యాకెట్‌లో బార్‌కోడ్‌తో వస్తుందా? సగం మాత్రకు ఏం చేస్తారు? చుక్కల మందుకు, అప్పటికప్పుడు సిరంజిలోకి తీసిన మందుకు లేబుల్ ఎవరు అంటిస్తారు? దీనికి సరైన జవాబు లేకపోతే వార్డులో ఎంత మంచి స్కానర్ పెట్టినా మూలపడుతుంది.

మరి ఇద్దరు నర్సులు చూసే పాత పద్ధతి సంగతి? అన్ని మందులకూ పెడితే అది సంతకాల పనిగా మారుతుంది. ‘సిస్టర్, ఇన్సులిన్ ఎనిమిది యూనిట్లు, చూసి ఒక సంతకం పెట్టండి’ అని అడిగితే రెండో మనిషి కళ్లకు ఎనిమిదే కనిపిస్తుంది. నిజమైన చెకింగ్ అంటే మొదటివాళ్ల జవాబు తెలీకుండా రెండోవాళ్లు ఆర్డరు చూసి విడిగా లెక్క వేయడం. దానికి టైమ్ పడుతుంది కాబట్టి ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం, కీమో మందులు, రక్తం ఎక్కించడం లాంటి వాటికే ఉంచండి. అక్కడ మాత్రం స్కానర్ వచ్చింది కదా అని మానేయకండి. వయల్ (మందు సీసా) సరైనదే అయినా అందులో కలిపిన నీళ్లు ఎక్కువయ్యాయని స్కానర్ చెప్పలేదు. మందును ఐవీ లైన్‌కు బదులు ఇంకో గొట్టానికి తగిలించినా దానికి తెలీదు.

‘ఈ మాత్ర నిన్న పచ్చగా ఉంది కదమ్మా, ఇవాళ తెల్లగా ఉందేంటి?’ అని రోగి అడిగితే, స్కానర్ ఓకే అందని కొట్టిపారేయకండి. కంపెనీ మారి ఉండొచ్చు, ఆర్డరే తప్పయి ఉండొచ్చు. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా మందు ఆపే అవకాశం తెర మీద ఒక్క నొక్కుతో దొరకాలి. దొరకని సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఆపడానికి నాలుగు తెరలు దాటాలి.

వార్నింగులు: లెక్కకట్టే స్కోరా, జోస్యం చెప్పే మోడలా

రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే పట్టుకోవడానికి ఇప్పుడు రెండు రకాల సరుకు అమ్ముతున్నారు. ఒకటి స్కోరు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్ (NEWS, అంటే నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అందుకు మంచి ఉదాహరణ. శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, పై బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత చూసి ఒక్కోదానికి పాయింట్లు వేసి, ఆక్సిజన్ పెట్టి ఉంటే దానికి రెండు కలిపి, మొత్తం కడతారు. 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే త్వరగా డాక్టర్ చూడాలి, 7 లేదా ఆపైన అయితే అత్యవసరం. ఇది కాగితం మీద కూడా నడుస్తుంది. ఎందుకు 8 వచ్చిందో నర్సు విడదీసి చెప్పగలదు: ‘శ్వాస 26, ఆక్సిజన్ పెట్టాం, కొత్తగా తికమక పడుతున్నారు’. ఫోన్‌లో డాక్టర్‌ను మంచం దగ్గరకు రప్పించేది ఆ వివరమే.

రెండోది మెషీన్ లెర్నింగ్ మోడల్. రికార్డులోని వందల అంశాలు చూసి ఈ రోగికి సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) వస్తుందని ముందే చెబుతామంటారు. అమెరికాలో చాలా ఆసుపత్రులు వాడిన అలాంటి ఒక మోడల్‌ను మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు తమ రోగుల మీద పరీక్షించి 2021లో ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవాళ్లలో మూడింట రెండొంతుల మందిని అది పట్టుకోలేదు. అయినా ఆసుపత్రిలో చేరినవాళ్లలో 18 శాతం మందికి అలర్ట్ మోగించింది. ఇలాంటివన్నీ పనికిరావని దీనర్థం కాదు. ఇంకోచోట తయారైన మోడల్‌ను మీ రోగుల మీద పరీక్షించకుండా మోగనివ్వకూడదు, అంతే. నన్నడిగితే ముందు స్కోరు, అది రెండేళ్లు సరిగ్గా నడిచాక మోడల్ గురించి మాట్లాడదాం.

స్కోరుకూ ఒక బలహీనత ఉంది, అది కంప్యూటర్‌ది కాదు. శ్వాసను నిజంగా నిమిషం పాటు లెక్కపెట్టే వార్డులు తక్కువ. చార్టు తీస్తే అందరికీ 18, 20. మెషీన్ కట్టిన కూడిక సరిగ్గానే ఉంటుంది, కూడిన అంకే ఊహ. బీపీ, నాడి తీసే మెషీన్లు అంకెలను నేరుగా రికార్డుకు పంపిస్తే, మిగిలిన ఆ నిమిషాన్ని శ్వాస లెక్కకు పెట్టొచ్చు.

అలారాల గోల కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఇచ్చిన హెచ్చరికలో, మోగే అలారాల్లో 85 నుంచి 99 శాతం దాకా ఎవరూ ఏమీ చేయాల్సిన అవసరం లేనివేనని పేర్కొంది. అదే హెచ్చరికలో అలారాలకు సంబంధించి మూడున్నరేళ్లలో తమ దృష్టికి వచ్చిన 80 మరణాలనూ ప్రస్తావించింది. మోత ఎక్కువైతే చెవి దాన్ని వినడం మానేస్తుంది. కాబట్టి కొత్త మానిటర్లు కొనేటప్పుడు ఎన్ని అలారాలున్నాయని కాకుండా, ఒక్కో రోగికి హద్దులు మార్చే అధికారం నర్సుకు ఉంటుందా, ఎంతసేపు ఆగి మోగేలా పెట్టొచ్చు అని అడగండి.

ఇంటికెళ్లాక: యాప్, ఫోన్, రిమోట్ మానిటరింగ్

గుండె వైఫల్యం ఉన్నవాళ్ల మీద జరిగిన రెండు పెద్ద ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు చాలా విషయాలు తేలిపోయాయి. 2010లో వెలువడిన అమెరికా ప్రయోగంలో 1,653 మంది ఉన్నారు. సగం మంది రోజూ ఆటోమేటిక్ ఫోన్ సిస్టమ్‌కు కాల్ చేసి బరువు, లక్షణాలు చెప్పాలి, ఆ వివరాలను వైద్య సిబ్బంది చూసుకుంటారు. ఆరు నెలలకు చూస్తే మళ్లీ ఆసుపత్రిలో చేరడంలో, మరణాల్లో తేడా లేదు. 14 శాతం మంది అసలు ఒక్కసారి కూడా వాడలేదు. 2018లో వెలువడిన జర్మనీ ప్రయోగంలో 1,571 మంది. అక్కడ తూకం, బీపీ మెషీన్, ఈసీజీ ఇంటికిచ్చారు. కానీ అవతల ఇరవై నాలుగు గంటలూ డాక్టర్లు, నర్సులు కూర్చున్న కేంద్రం ఉంది. అనుకోకుండా ఆసుపత్రి పాలవడం వల్లో మరణం వల్లో పోయిన రోజులు ఏడాదికి సగటున 24.2 నుంచి 17.8కి తగ్గాయి. రోగులు ఒకే రకం వాళ్లు కారు, కాలమూ వేరు, అచ్చంగా పోల్చకూడదు. అయినా తూకం యంత్రం అన్నిచోట్లా ఒకటే. అంకె తేడా వస్తే రాత్రి రెండింటికి ఎవరు ఫోన్ చేస్తారన్నదే ఇక్కడ విషయం.

అలాంటి కేంద్రం నడిపే సిబ్బంది లేకపోతే రిమోట్ మానిటరింగ్, అంటే ఇంట్లో ఉన్న రోగి అంకెలను దూరం నుంచి గమనించడం, జోలికి పోకండి. ఆ డబ్బుతో డిశ్చార్జ్ అయిన రెండు మూడు రోజుల్లో నర్సు ఫోన్ చేసే ఏర్పాటు చేయండి. ‘మందులు వేసుకుంటున్నారా’ అంటే అందరూ వేసుకుంటున్నామనే చెబుతారు. ‘పొద్దున్నుంచి ఏమేం వేసుకున్నారో, ఎప్పుడెప్పుడో చెప్పండి’ అంటే అసలు సంగతి బయటపడుతుంది.

ఇంటికి పల్స్ ఆక్సీమీటర్ ఇస్తుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. నల్లని చర్మం ఉన్నవాళ్లలో అది అసలు కన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో వెలువడిన పరిశీలనలో తేలింది. నల్లజాతి రోగుల్లో లోపలి ఆక్సిజన్ కొరత మెషీన్ కంటబడకుండా పోవడం తెల్లవాళ్లకన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ. 94 చూపిస్తోంది, ఆయాసం మాత్రం పెరుగుతోంది అని ఫోన్‌లో చెబితే, ఆయాసాన్నే నమ్మండి.

పేషెంట్ పోర్టల్, అంటే తన రికార్డును రోగే ఫోన్‌లో చూసుకునే ఏర్పాటు, నాకు నచ్చిన వాటిలో ఒకటి. 2010లో అమెరికాలో మూడు చోట్ల వందమందికి పైగా డాక్టర్లు తమ నోట్స్‌ను రోగులకు తెరిచిపెట్టారు. ఏడాది చివర దాదాపు రోగులందరూ ఇది కొనసాగాలన్నారు, ఏ డాక్టరూ ఆపేస్తానలేదు. తెరిచిపెడితే రాసే తీరు కూడా మారాలి. ‘రోగి సహకరించడం లేదు’ అన్న నోట్ చదివిన మనిషి మళ్లీ మనతో మనసు విప్పడు. ‘మాత్ర వద్దన్నారు, వేసుకుంటే వాంతి వస్తోందని చెప్పారు’ అని రాస్తే చదివిన రోగికి కోపం రాదు, పైగా తర్వాత డ్యూటీకి వచ్చే నర్సుకు ఏం చేయాలో తెలుస్తుంది.

పోర్టల్ ఎంచుకునేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న: ఆ ఫోన్ ఎవరిది? చాలామంది పెద్దవాళ్ల అకౌంట్‌ను ఇంట్లోవాళ్లే తెరుస్తారు, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇంట్లో హింస గురించి నర్సుతో చెప్పుకున్న మనిషి నోట్ ఆ హింస పెట్టేవాడి చేతిలోనే తెరుచుకోవచ్చు. కొన్ని నోట్స్‌ను వెనక ఉంచే వీలు, సహాయకుడికి విడిగా పరిమితమైన లాగిన్ ఇచ్చే వీలు లేని పోర్టల్‌ను వద్దనండి. యాప్ వాడలేని రోగికి అదే సమాచారం కాగితం మీద, తన భాషలో అందాలి. మెషీన్ అనువాదం పెడితే మోతాదులు, వేళలు ఆ భాష వచ్చిన మనిషి చదివి సరిచూడాల్సిందే.

మాటలు విని నోట్ రాసిపెట్టే కృత్రిమ మేధ పరికరాలు ఇప్పుడు ముమ్మరంగా వస్తున్నాయి. అవి ప్రధానంగా డాక్టర్ సంప్రదింపుల కోసం తయారైనవి. నర్సు పనిలో చాలా భాగం మాట్లాడకుండా జరుగుతుంది, గాయం చూడటం, చర్మం తడమడం, గొట్టం సరిచేయడం. కొన్నాళ్లు ఆగినా నష్టం లేదు.

సంతకం పెట్టే ముందు

2017 మేలో వానాక్రై అనే కంప్యూటర్ వైరస్ దాడితో బ్రిటన్‌లో ఎన్నో ఆసుపత్రుల కంప్యూటర్లు మూతపడ్డాయి. 2021 మేలో ఇలాంటి దాడి వల్లే ఐర్లండ్ ఆరోగ్య సేవల మొత్తం కంప్యూటర్ వ్యవస్థనే ఆపేయాల్సి వచ్చింది, నర్సులు వారాల తరబడి కాగితంతో నడిపారు. కాబట్టి ట్రయల్‌లోనే, ముందుగా చెప్పి, ఒక షిఫ్ట్‌లో సిస్టమ్ ఆపించి చూడండి. ఆఖరి మందుల చార్టు వార్డులోనే ఉన్న ఒక కంప్యూటర్‌లో, నెట్ లేకపోయినా తెరుచుకుంటుందా? ప్రింటర్ దానికే తగిలించి ఉందా? ఖాళీ ఫారాలు ఎక్కడున్నాయో నైట్ డ్యూటీ వాళ్లకు తెలుసా? సిస్టమ్ తిరిగి వచ్చాక ఆ కాగితాలను ఎక్కించే పని ఎవరిది? ఆ షిఫ్ట్ నర్సులదే అంటే దానికి అదనపు మనుషుల్ని ఇస్తున్నట్టు రాతలో ఉండాలి. ఈ పరీక్షకు ఒప్పుకోని కంపెనీని జాబితాలోంచి తీసేసి తర్వాతి కంపెనీని పిలవండి.